చక్రం వెనక రాయి

బస్సు తోలడం నేర్చుకుంటానని మా చిన్నమ్మాయి పట్నం బయలుదేరినప్పుడు మా బావమరిది ఊరుకోలేకపోయాడు. "ఎడ్లబండి వాడి కూతురు బస్సు తోలుతుందట. ఇంక బస్సుకి గడ్డి వెయ్యడమే తరువాయి" అన్నాడు. మా ఆవిడ పిల్ల సంచిలో దుప్పటి కుక్కుతూ, నవ్వేవాళ్ళని నవ్వనీ, కనపడేది వాళ్ళ పళ్ళే కదా అంది.

నాకు మాత్రం భయంగానే ఉంది. ఊళ్ళో పాలకేంద్రంలో దొరికిన పనిని కాదనుకుని వెళుతోంది. పరీక్ష తప్పితే రెంటికీ చెడ్డ రేవడే. రోజూ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి మా పిల్లని గెలిపించమని అడిగేవాడిని. మిగతా పిల్లల తండ్రులూ ఇదే అడుగుతారు కదా, ఆయన ఎవరి మాట వినాలి అని ఆ వెంటనే అనిపించేది. దండం పెట్టుకుని వచ్చేసేవాడిని.

పరీక్ష నాడు నేనూ వెళ్ళాను. బస్సులో బరువుండాలని పరీక్షకొచ్చిన వాళ్ళ బంధువులను ఎక్కించారు. ఎవరైనా సాయం చేస్తే తోలేవాళ్ళు తప్పినట్టేనని పరీక్ష పెట్టే అధికారి ముందే చెప్పాడు.

డిపో వెనక ఎక్కుడు రోడ్డు మధ్యలో బస్సు ఆపించాడు. అక్కడి నుంచి వెనక్కి జారకుండా పైకి తీసుకెళ్ళాలి. మా అమ్మాయి ఆపింది. ఎక్కుడులో బండి ఆగితే చక్రం వెనక రాయి పెట్టాలని మా ఇంట్లో చంటిపిల్లకైనా తెలుసు. చిన్నప్పుడు ఆ పని దానిదే. రాయి చంకన పెట్టుకుని బండి వెనకే నడిచేది. నా కాళ్ళు నన్ను అడగలేదు. వెనక తలుపులోంచి దిగి, రోడ్డు పక్కనున్న రాయి తెచ్చి చక్రం వెనక పెట్టేశాను. పెట్టాక గుర్తొచ్చింది అధికారి చెప్పిన మాట.

ఆయన తల బయటపెట్టి ఎవరు నువ్వన్నాడు. మా అమ్మాయి అద్దంలోంచి నన్ను చూసింది.

"మా నాన్న, సార్. ఎడ్లబండి అలవాటు. ఆ రాయితో నాకు పనిలేదు" అంది. తరవాత కిటికీలోంచి నాతో, "తీసెయ్ నాన్నా. తీసి పక్కకి జరుగు."

అధికారి, సరే, తీసేస్తే అది సాయం కింద రాదు, కానీ జానెడు జారినా ఇంటికే అన్నాడు.

పెట్టినప్పుడు బరువనిపించని రాయి తీసేటప్పుడు కదిలి రాలేదు. దేవుడి పేరు కూడా నోటికి రాలేదు. ఎలాగో తీసి పక్కకి జరిగాను. ఇంజను గుర్రుమంది. నేను చక్రం కింది నేలనే చూస్తున్నాను. చక్రం ముందుకే కదిలింది, వెనక్కి వెంట్రుకవాసి కూడా రాలేదు. నన్ను అక్కడే వదిలేసి బస్సు పైకి వెళ్ళిపోయింది.

చిన్నప్పుడు మా అమ్మాయి నడిచినట్టే, రాయి చంకన పెట్టుకుని వెనకే నడిచాను. పైన బస్సు దిగిన వాళ్ళంతా నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. అధికారి సంతకం పెడుతూ, "అమ్మాయి నెగ్గింది పెద్దాయనా, ఇంక ఆ రాయి దించు" అన్నాడు.

నేను దించలేదు. ఇంటికి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను. మా బావమరిది వచ్చి, ఇదేమిటి బావా అన్నాడు.

"మా అమ్మాయికి అక్కర్లేనిది" అన్నాను.