ఊపిరి వదిలిన కొలత

"పొట్ట లోపలికి పీల్చకే, ఊపిరి వదులు," అన్నాను టేపు పట్టుకుని. మా అమ్మాయి టెనియోలా వదల్లేదు. పదకొండేళ్ల పిల్ల, ముఖం కందిపోతున్నా బిగబట్టుకుని గోడకేసి చూస్తోంది. శనివారం మా అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజు. ఇంటిల్లిపాదికీ ఒకే గుడ్డ, నీలం లేసు. మా ఇబాడాన్ ఊళ్లో ఏ వేడుకైనా అంతే. ఇరవై రెండు జతలూ కుట్టేది మాత్రం నేనొక్కదాన్నే. కోడలికి కూలి అడిగే నోరెక్కడిది?

వారం నుంచి పిల్ల అమాలా ముద్ద ముట్టడం లేదు. అడిగితే ఆకలి లేదంటోంది.

"వదలవే తల్లీ, రేపు గౌను పిగులుతుంది."

"వదిలితే నువ్వు ఒరోబో అని రాస్తావుగా."

కొలతల పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. నా దగ్గర కుట్టించుకునేవాళ్లలో సాదే అనే పేరున్నవాళ్లే నలుగురు. గుర్తు కోసం ఒక సాదే పక్కన లేపా అనీ, ఇంకో సాదే పక్కన ఒరోబో అనీ రాసుకుంటాను. బక్కది, లావుది. ఊళ్లో దర్జీలందరూ చేసే పనే, తప్పని ఏనాడూ తోచలేదు.

నాకైనా తోచాల్సింది. కాపురానికొచ్చిన రోజు అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "ఈ లేపా కడుపున బిడ్డ నిలుస్తుందా?" అన్నారు. ముగ్గురు నిలిచారు. ఆ తర్వాత మా ఆయన స్నేహితుల ముందు, "మా ఒరోబో వచ్చిందర్రా, కుర్చీ జాగ్రత్త!" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. ఒళ్లు మారినప్పుడల్లా మాట మారింది గానీ అర్థం ఒకటే: ఆ ఒళ్లు నీది కాదు, ఎలా ఉండాలో మేం చెబుతాం. ఆ నవ్విన రోజు నుంచి నా జాకెట్లన్నీ రెండంగుళాలు తక్కువకే కుట్టుకుంటున్నాను. పిల్ల చూడకుండా ఉంటుందా?

టేపు దాని మెడలో వేశాను. "ముందు నా కొలత తియ్యి."

అది నమ్మలేనట్టు చూసింది. ఆ చిన్న చేతులు నా నడుము చుట్టూ అందలేదు. టేపు కొస కోసం నా వీపు వెనక తడుముకుంటుంటే నన్ను కావలించుకున్నట్టే అయింది. నేను ఊపిరి వదిలేశాను. పొట్ట హాయిగా ముందుకొచ్చింది.

"నలభై ఆరమ్మా," అంది మెల్లగా.

"నా పేరు రాయి. మొరెనికె, నలభై ఆరు."

రాసింది. "పేరు పక్కన ఏం రాయను?"

"ఏమీ వద్దు."

పుస్తకం వంక కాసేపు చూసింది. తర్వాత టేపు నా చేతికిచ్చి, చేతులు పైకెత్తి, ఉఫ్‌మని ఊపిరి వదిలింది.