మగ్గాలు ఆగిన చప్పుడు

“సర్వర్ ఇయ్యాల గుడ మధ్యల్నే ఇడిచిపెట్టింది” అని రుక్మిణి తనలో తాను గొణుక్కుంటే, గడపలో బీడీలు చుట్టుతున్న అత్త చంద్రభాగ చెవిలో ఒక్క సర్వరే పడ్డాడు. ఆమె ఎరిగిన సర్వర్ హోటల్లో ఇడ్లీ తెచ్చేవాడు. పొద్దుగూకేసరికి జోడ్‌భావి పేటంతా ఒకటే ముచ్చట: అంబాదాస్ పెండ్లాం జర్మనీ సర్వర్‌తో ఫోన్‌ల మాట్లాడుతున్నదట!

ఆ ఇంట్లో సర్వం చేసేది రుక్మిణే. నీళ్లు పట్టేది, జొన్న భాక్రీ కాల్చేది, మగ్గాలకు నూలు కండెలు చుట్టేది ఆమే. అన్నీ అయినంక మేడమీద కంప్యూటర్ ముందు కూచుంటే, “కూసోని మీటలొత్తుడే గద, అదేం కామ్?” అనేవాడు మొగుడు అంబాదాస్. జర్మనీ బేరగాడు చద్దర్ల డిజైన్లు తన సర్వర్‌లో పెడితే, ఫోన్ లైన్ మీద వాటిని తెచ్చే ప్రోగ్రాం సి భాషలో రాసింది ఆమే. ఫైలు సగం వచ్చి తెగిపోతున్నది. ముందు తన తప్పే వెతుక్కుంది. కోడళ్లకు అదొక అలవాటు. ఆగి చూసే గడువు పెంచింది. తెగిన పోగు ముడేసినట్టు, ఆగిన చోటు నుంచే మళ్లీ అందుకునేలా రాసింది. అందుకుంది, మళ్లీ తెగింది.

“నీ చదువే సగంల తెగింది, నీ ఫైల్ పూరా ఎట్లొస్తది?” అన్నాడు అంబాదాస్. “శనివారం దాక చూస్త. రాకపోతే ఈ కంప్యూటర్ పెట్టె తీసి, పుణేల గిదే పని చేసే పోరనికిస్త.” ఆ ఇంట్లో ఆమెదంటూ ఉన్నది ఆ పెట్టె ఒక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం లైన్ కలిసింది. ఫైలు వస్తున్నది. కింద షెడ్డులో మగ్గాలు టక్కున ఆగాయి. నిన్న కూడా తెగేముందు ఇట్లాగే ఆగాయి కదా! కరెంటు పోయిందా అంటే ఎదుట తెర వెలుగుతూనే ఉంది. మరి మగ్గాలను ఆపిందెవరు?

చప్పుడు కాకుండా మెట్లు దిగింది. పోగులు చూడాల్సిన అంబాదాస్ చెవులు పోగేసుకుని నిలబడ్డాడు. పనివాళ్లకు ఉష్ అని ఒక చేత్తో సైగ, ఇంకో చేతిలో షెడ్డు ఫోన్. మేడమీది కంప్యూటర్‌దీ అదే లైన్.

“తెగుతున్నది ఈడనా!”

ఆ కేకకు చంద్రభాగ కూడా ఉరికొచ్చింది. రుక్మిణి అందరికీ వినపడేటట్టు చెప్పింది: “సర్వర్ అంటే మనిషి గాదు అత్తమ్మా. ఫైళ్లు దాసిపెట్టే కంప్యూటర్. ఈడ ఫోన్ ఎత్తితే ఆడ తెగుతది.”

“అగో, హోటలోడు గాదా? నాకేమెర్క బిడ్డా!”

మగ్గం నడిపే మల్లేశం పక్కున నవ్వాడు. పనివాళ్లంతా నవ్వారు. హమ్మయ్య అనుకుని అంబాదాసూ నవ్వాడు. “అమ్మకు సమజ్ గాలే, గంతే.”

రుక్మిణి నవ్వలేదు. ఫోన్ తీగ గోడ నుంచి పీకి, నూలు చుట్టినట్టు మోచేతికి చుట్టుకుంది.

“అత్తమ్మకు తెల్వదు, అందుకే చెప్పిన. గిరాకులొచ్చినప్పుడల్లా సర్వరంటే ఏందో చెప్పి మురిసేది మీరే. అది మనిషి గాదని తెలిసీ, నన్ను అనుమానించి ఎత్తిండ్రు.” మల్లేశం వైపు తిరిగింది. “మగ్గాలు నడుపు మల్లేశన్నా. ఈయనకు ఇగ ఇనేటందుకు ఏం లేదు.”