అంటు కట్టిన చెయ్యి

అరటినార నీళ్లలో నానేసి, గుమ్మం పక్కన కూర్చుని కనకమ్మ కత్తి నూరుతోంది. పెళ్లికి ముందు జి. కొండూరు తోటల్లో తల్లి దగ్గర నేర్చిన పని, మామిడికి అంట్లు కట్టడం. రసం చెట్టు కొమ్మ మీదా, టెంకమొక్క మీదా ఒకే కొలతన చెక్కు తీసి, రెంటినీ గాలి చొరకుండా కలిపి నారతో చుట్టాలి. చెయ్యి తడబడితే మొక్క చస్తుంది. ఆమె కట్టినవి ఎక్కడో ఒకటి తప్ప చావవు. అవి ఎవరెవరి తోటల్లో కాస్తున్నాయో ఆమెకే తెలియదు.

ఎనభై మూడులో నూజివీడు దగ్గర శిక్షణ కేంద్రం పెట్టారు. డబ్బు విదేశాలదట. కూలీలకు అంట్లు కట్టడం నేర్పి, బాగా చేసినవాణ్ణి అక్కడే మాస్టారుగా తీసుకుంటారట. ముందుగా వెళ్లి వరసలో నిలబడింది కనకమ్మే. ఇంటి యజమానికే సీటన్నాడు గుమాస్తా. ఆమెకి బదులు మొగుడు గంగరాజు పేరు రాసుకున్నాడు.

గంగరాజుకి కత్తి పట్టడం రాదు, నేర్చుకునే ఓపికా లేదు. క్యారేజీ ఇచ్చే వంకన రోజూ ఆమె వెళ్లేది. అతను చుట్ట కాలుస్తుంటే, ఎవరి కంటా పడకుండా షెడ్డు వెనక అతని మొక్కలకు ఆమె అంట్లు కట్టేది. మొగుడికి నెలజీతం వస్తే పిల్లలు కూలికెళ్లకుండా బడికెళతారన్నదే ఆమె ఆశ. పరీక్షకిచ్చిన ఇరవైలో పంతొమ్మిది బతికాయి. అంతమందిలో గంగరాజే మొదటివాడు.

పోయిన నెల నిధులిచ్చేవాళ్ల తరఫున ఒక దొరసాని వచ్చింది. మామిడి సొనకి కాలి నల్లబడిన కనకమ్మ వేళ్లు చూసి, ఈమె ఏం చేస్తుందని ఆఫీసరు చేత అడిగించింది. కనకమ్మ నోరు తెరిచేలోపే గంగరాజు అందుకున్నాడు.

"ఏమీ చెయ్యదండీ. ఇంట్లోనే ఉంటది."

దొరసాని జాలిగా తలూపి అదే రాసుకుంది. కనకమ్మకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట నెలైనా చల్లారలేదు.

ఈరోజు ఆ దొరసాని మళ్లీ వస్తోంది. ఆమె ఎదుట గంగరాజు ఒక్క అంటు కట్టి చూపిస్తే ఉద్యోగం కాగితం చేతికిస్తారు.

"పెందరాళే వెళ్లి చెక్కు తీసి, వదులుగా చుట్టి ఉంచు. వాళ్లొచ్చాక ముడి నేనేస్తా," అన్నాడు గంగరాజు చొక్కా తొడుక్కుంటూ.

ఇవాళ ముడి అతను వేస్తాడు, రేపట్నుంచి పాఠం అతను చెబుతాడు. బతికినన్నాళ్లూ తను షెడ్డు వెనక నిలబడాలి. వెళ్లకపోతే ఉద్యోగం పోతుంది, పిల్లల బడి పోతుంది, సాయంత్రానికి వీపు చిట్లుతుంది. అన్నీ ఆలోచించుకుంది. కత్తి తుడిచి, నానిన నార చుట్టతో పాటు అతని చేతిలో పెట్టింది.

"నేనేమీ చెయ్యను గదండీ," అంది. "ఇంట్లోనే ఉంటాను."