నాలుగు చుక్కల ఇటుక

మంగళవారం పొద్దున కోడలి సంచి సర్దాను. మూడు రోజుల పని మీద ఊరెళ్తోంది. తన సంచి తను సర్దుకోలేక కాదు, ఈ ఇంట్లో ఎవరు బయల్దేరినా సర్దేది నేనే. బరువైనవి అడుగున, నలిగేవి పైన, పక్క అరలో ఇటుక. ఇటుకంటే పవర్ బ్యాంక్. మావారు పెట్టిన పేరు. అది ఇంటికొచ్చిన రోజున చేత్తో పట్టి చూసి, "ఆడవాళ్ళ సంచిలో ఇటుకేమిట్రా, దారిలో ఇల్లు కట్టుకుంటుందా?" అని నవ్వారు. అప్పుడు అందరం నవ్వాం.

అది నేను అడిగితే వచ్చిందే. ఆ మాట ముందే చెప్పుకోవాలి. కోడలు మందుల కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగం చేస్తుంది. నెలకోసారి వేరే ఊళ్ళో ఉన్న ఫ్యాక్టరీకి వెళ్ళి రావాలి. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం బస్సు ఆలస్యమై, ఫోను ఆరిపోయి, మూడు గంటలు జాడ లేదు. నేను కిటికీ ఊచలు పట్టుకుని కాళ్ళు నీరు పట్టేదాకా నిలబడ్డాను. కోడలు ఇల్లు చేరాక కూడా నా భయం తగ్గక, "ఆ ఫోను ఆరిపోకుండా ఏదైనా కొనరా" అని మావాడిని బతిమాలాను. మర్నాడే కొన్నాడు.

దానితో వచ్చిన చిన్న పుస్తకం ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే. పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని, అచ్చులో ఏది కనిపించినా చివరిదాకా వదలను. బొత్తాం నొక్కితే చుక్కలు వెలుగుతాయి. నాలుగూ వెలిగితే నిండినట్టు. నిండడానికి ఆరు గంటలు. ఎండలో పెట్టకూడదు, తలగడ కింద పెట్టకూడదు. ఇంత తెలిసినందుకు ఆ పని నాకే పడింది. వంట, బట్టలు, మావారి మాత్రలు, ఇటుక. "రోజంతా ఇంట్లో ఉండేదానివే కదా, ప్లగ్గు పెట్టడం కూడా పనేనా?" అనేవారు మావారు.

ఆ తర్వాతే మావాడి ఫోన్లు మొదలయ్యాయి. లేక ముందూ ఉండేవేమో, నేను గమనించలేదేమో. నీళ్ళ గ్లాసుకి ఫోను ఆనించుకుని అన్నం తినేవాడు. "ఎక్కడున్నావ్? వెనక ఆ గొంతెవరిది? వీడియో పెట్టు. ఏదీ, గది చుట్టూ ఒకసారి తిప్పు. చార్జింగ్ లేదని మాత్రం చెప్పకు, ఇటుకుందిగా." నేను మజ్జిగ పోస్తూ వినేదాన్ని. మొదట్లో అది ప్రేమే అనుకున్నాను. నేనూ ఫోను చేసి అడుగుతానుగా ఎక్కడున్నావమ్మా అని. వాడు అడిగేదీ నేను అడిగేదీ ఒకటేనా, వేరా అన్నది ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

ఒకసారి మధ్యాహ్నం నుంచి ఆమె ఫోను పలకలేదు. నేనే తొమ్మిదిసార్లు చేశాను. చీకటి పడకముందే వచ్చేసింది. ఎప్పటిలాగే సంచి నా చేతికిచ్చింది, ఎప్పటిలాగే టిఫిను డబ్బా, ఇటుక బయటికి తీశాను. అలవాటుగా బొత్తాం నొక్కాను.

"చార్జింగ్ అయిపోయింది" అంటోంది ఆమె, ఇంకా చెప్పులు విప్పకుండా.

"ఇటుకో?" అన్నాడు మావాడు.

"అందులోనూ లేదు."

మావాడు నా వైపు తిరిగాడు. "అమ్మా, నిన్న పెట్టావా లేదా?"

నా చేతిలో నాలుగు చుక్కలూ వెలుగుతున్నాయి. బొటనవేలు అడ్డం పెట్టాను. "మర్చిపోయాన్రా" అన్నాను.

"ఒక్క పని చెప్తే అదీ చేతకాదు!"

"మతి పోతోందిరా మీ అమ్మకి. రేపు పొయ్యి కట్టెయ్యడం కూడా మర్చిపోతుంది, చూస్తూండు" అన్నారు మావారు పేపరు దించకుండా. కోడలు నన్నే చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఎందుకు అబద్ధమాడానో అప్పుడు తెలియలేదు. ఎవరి ఫోను మోగకపోతే నాకు ఊపిరాడదో, ఆమె కోసమే ఆడాను.

ఇరవై రెండేళ్ళప్పుడు నేనూ ఒకసారి పెట్టె సర్దుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎన్నాళ్ళుంటావని అమ్మ అడగలేదు. నాలుగో రోజు మా మరిది వచ్చాడు. "అన్నయ్య రమ్మన్నాడు వదినా" అన్నాడు, అంతే. పెట్టె మూసేశాను. అమ్మ వీధి మలుపుదాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ నేను ఆ గుమ్మం తొక్కేసరికి అమ్మ లేదు. అప్పటినుంచీ ఎవరు చెప్పులేసుకున్నా ఎప్పుడొస్తావని అడగకుండా ఉండలేను. ఐదో రోజు ఎలా ఉండేదో మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు. ఎవరూ రాకపోయుంటే, ఇంకొక్క రోజు దొరికుంటే ఏం చేసేదాన్నో.

మంగళవారం సంచిలో తువ్వాలు పెడుతుంటే చెయ్యి బట్టల కింద అట్టకి తగిలింది. కోడలి చదువు సర్టిఫికెట్ల ఫైలు. మందులు చూసి రావడానికి సర్టిఫికెట్లెందుకు? దాని మీద తువ్వాలు కప్పాను.

"ఎప్పుడొస్తావమ్మా?"

"శుక్రవారం అత్తయ్యా." తల వంచుకుని జడ వేసుకుంటూనే ఉంది.

స్నానాల గదిలోంచి మావాడి కేక. "అమ్మా, ఇటుక నిండిందా?"

"నిండింది. నాలుగు చుక్కలూ ఉన్నాయి."

"సంచిలో పెట్టావా?"

"పెట్టాను."

రెండూ నిజమే. వైరు మాత్రం నా గుప్పిట్లో ఉంది. ఫోను చార్జరుకీ ఇటుకకీ అదొక్కటే వైరు. అది లేకపోతే సాయంత్రానికి ఫోను ఆరిపోతుంది, ఇటుక నిజంగా ఇటుకే. ఏ కొట్లోనైనా ఇంకొకటి దొరుకుతుందని నాకు తెలుసు. కానీ అత్తయ్య వైరు పెట్టడం మర్చిపోయిందని చెప్పుకుంటే ఆమెకి ఒక్క రోజు దొరుకుతుంది.

కోడలు సంచి జిప్పు లాగుతూ నా గుప్పిట చూసింది. "వైరు..." అని ఆగింది. జిప్పు చివరిదాకా లాగేసింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "మామయ్యగారి మాత్రలు సరే, ముందు మీవి వేసుకోండి" అంది.

ఆమె వీధి మలుపు తిరిగాక వైరుని కొంగున ముడేసుకున్నాను. సాయంత్రం మావాడు ఫోను చేసి చేసి, చివరికి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఇటుకతో పాటు వైరు పెట్టావా అమ్మా?"

"మర్చిపోయాన్రా."

మావారు ఏదో అన్నారు. నాకు వినపడలేదు. కిటికీ ఊచలు పట్టుకుని ఉన్నాను. ఆమె వస్తుందేమోనన్న భయమో, రాదేమోనన్న భయమో తెలియడంలేదు. బుధవారం నిలబడ్డాను. గురువారం, శుక్రవారం కూడా.

అప్పట్లో నేను నాలుగో రోజున తిరిగొచ్చాను. కోడలు మంగళవారం ఉదయం ఏడుంపావుకి వెళ్ళింది. తిరిగి రాలేదు.