ప్రారంభం కాకముందే వచ్చిన క్రిమి

"లోపల క్రిమి ఉంది సార్," అంది జీవిత రెండోసారి.

"ఉండేదానికి లేదు," అన్నాడు నాగేంద్ర సారు, గేటుకు కడుతున్న బంతిపూల దండ వంకర పోయిందేమోనని చూసుకుంటూ. "ప్రారంభోత్సవం ఈపొద్దు పదీ ఇరవైకి. అంతకుముందు ల్యాబే లేదు. ల్యాబే లేకుంటే క్రిమి యాడ్నుంచి వస్తాది?"

"నేనే పెంచినాను సార్."

ఆయన ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, ఏమీ విననట్టే దండ వైపు తిరిగాడు.

ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు దారిలో నాలుగు కిలోమీటర్లు పోతే చేల మధ్య తెల్లగా ఒక కొత్త భవనం కనిపిస్తుంది. పశువుల రోగాల్లో మనుషులకు కూడా అంటుకునే మొండి రోగాలను పరీక్షించడానికి కట్టిన ప్రయోగశాల అది. లోపలి గాలి వడపోతలు దాటకుండా బయటికి రాదు. లోపలికి పోవాలంటే రెండు ఇనుప తలుపులు, వాటి మధ్య ఒక ఇరుకు గది. ముందు తలుపు మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. ఆ రెండోది కూడా బొటనవేలు పెడితేనే తెరుచుకుంటుంది. పోయేటప్పుడు బట్టలు మార్చుకోవాలి, వచ్చేటప్పుడు తలస్నానం చేయాలి. ఇంత పకడ్బందీగా కట్టిన భవనం ఎనిమిది నెలలుగా తాళం వేసుకుని కూర్చుంది. ఒకసారి మంచి రోజులు లేవు, ఒకసారి ఎన్నికల నియమావళి, ఒకసారి ప్రారంభించాల్సిన జిల్లా పరిషత్తు చైర్మనన్నకు నడుం నొప్పి.

నాగేంద్ర దీనికి ఇన్‌ఛార్జి ఆఫీసరు. జీవిత టెక్నీషియను. జమ్మలమడుగు చర్చి కాంపౌండు పిల్ల, కాంట్రాక్టు ఉద్యోగం. ఆ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించే కాగితం ఈ నెలంతా సారు బల్లమీదే ఉంది. తలుపుకు ప్రస్తుతం తెలిసిన బొటనవేలు జీవితదొక్కటే. సారును వచ్చి వేలిముద్ర ఇమ్మని ఆమె ఆరుసార్లు అడిగింది. ప్రారంభం కాకుండా లోపల కాలు పెడితే అశుభమని ఆయన ఆరుసార్లూ తప్పించుకున్నాడు.

ఈ క్రిమి సంగతి మొదలైంది మూడు రోజుల కిందట. కొండాపురం దగ్గర, రిజర్వాయరు కింద ఊరు మునిగినవాళ్లకు కట్టిన కాలనీ నుంచి గురవమ్మ అనే ముసలామె రెండు బస్సులు మారి వచ్చింది. ఆమె గొర్రెలు తొమ్మిది చచ్చాయి. మేస్తూ మేస్తూ పడిపోవడం, ముక్కులో నుంచి నల్లటి నెత్తురు కారడం. అక్కడి పశువుల డాక్టరు చచ్చిన గొర్రె చెవి నుంచి నెత్తురు తీసి, గొట్టంలో పెట్టి, మూడు పొరల డబ్బాలో సీలు వేసి, తీసుకుపోయే మనిషి లేక ఆమె చేతికే ఇచ్చి పంపించాడు. ఆ డబ్బాను ఆమె కొంగులో చుట్టుకుని, బస్సులో ఎవరినీ పక్కన కూర్చోనివ్వకుండా తెచ్చింది. నేర్పినవాళ్లు లేకపోయినా ఈ జిల్లాలో ఆ పని అంత శుభ్రంగా చేసినవాళ్లు ఇంకొకరు లేరు.

"చచ్చినవి ఏం చేస్తాండారవ్వా?" అని జీవిత అడిగింది.

"చావబొయ్యేదాన్ని కోసి ఇంటింటికీ పోగులేస్తాండాం పాపా. ఊరికే పారేస్తామా?"

ముసలామె మణికట్టు మీద నల్లటి పుండు. నొప్పి లేదంది. ఆస్పత్రిలో ఏదో మలాము ఇచ్చారంది.

జీవిత ఆ నల్లదనం చూసి ఇంకేం ఆలోచించలేదు. ప్రారంభోత్సవమూ మంచిరోజూ చూడకుండా నమూనా తీసుకుని లోపలికి పోయింది. నిన్న సాయంకాలానికి సూక్ష్మదర్శినిలో కనిపించింది: కణుపులు కణుపులుగా ఒకదాని వెనక ఒకటి తగులుకున్న కడ్డీలు. పళ్లెంలో పెంచినదీ అదే మాట చెప్పింది. దొమ్మ రోగం, ఇంగ్లీషులో ఆంత్రాక్స్. గొర్రెకు వస్తే చావే, కోసినవాడికి చేతిమీద పుండు, తిన్నవాడికి కడుపులో. ఒక్క రిపోర్టు పోతే చాలు, కాలనీలో కోత ఆగుతుంది, చచ్చినవాటిని లోతుగా పూడుస్తారు, మనుషులకు మాత్రలు పంచుతారు. కానీ రిపోర్టుకు సారు సంతకం కావాలి. సంతకానికి నంబరు కావాలి. నంబరుకు రిజిస్టరు తెరవాలి. రిజిస్టరులో మొదటి గీత చైర్మనన్న గీయాలి. రాత్రి గురవమ్మ ఫోను చేసి "తేలిందా పాపా?" అని అడిగితే, "రేపు రా అవ్వా, కాయితం చేతికిస్తా," అంది జీవిత.

అందుకే ఇప్పుడు పొద్దున్నే సారు చుట్టూ తిరుగుతోంది.

"సార్, చైర్మనన్న వచ్చేలోపల నంబరేసి సంతకం పెట్టండి. అక్కడ జనం ఆ మాంసం తింటాండారు."

"చూడమ్మా," అని నాగేంద్ర సారు ఓపిక తెచ్చుకున్నాడు. "క్రిమి ఉండాదంటే ల్యాబు నడిచినట్టు. ల్యాబు నడిచిందంటే ప్రారంభమైనట్టు. ప్రారంభమైపోయింటే చైర్మనన్న పులివెందుల నుంచి ఎందుకొస్తాండాడు? వస్తాండాడు కాబట్టి క్రిమి లేదు. ఇంత చిన్న సంగతి నీకెట్ల తెలీకపాయె?"

ఇంతకన్నా గట్టి తర్కం ఆ చుట్టుపక్కల లేదు. సరిగ్గా అప్పుడే గేటులోకి ఆవు వచ్చింది.

పసుపు రాసిన కొమ్ములు, నుదుటి మీద రూపాయంత కుంకుమ, మెడలో గంట. వెనక దూడ. ఆ వెనక తాడు పట్టుకుని నారాయణ. కొత్త ఇంట్లోకి మనుషుల కన్నా ముందు ఆవూ దూడా అడుగుపెట్టాలి కదా. ప్రొద్దుటూరులో ఇళ్లు లేచినంత తొందరగా ఆవులు పెరగలేదు. అందుకని నారాయణ తన గౌరిని గృహప్రవేశాలకు తిప్పుతుంటాడు. గౌరి మూడో అంతస్తు దాకా మెట్లెక్కింది, లిఫ్టులో నిలబడింది, బంగారు కొట్లు మూడు ప్రారంభించింది. గ్రానైటు మీద జారకుండా నడవడం దానికి బాగా అలవాటు.

"ఆవెందుకు సార్?" అంది జీవిత.

"ఎందుకేంది? ప్రవేశం చెయ్యాల. లోపల పరీక్షలు చేసే ఆ గాజు పెట్టె ముందర పాలు పొంగియ్యాల. పద పద, తలుపు తియ్యి."

"సార్, లోపలికి చెప్పులే పోగూడదు!"

"ఆవుకు చెప్పులు లేవు కదా."

ఆమె ఇంకో మాట అనేలోగానే ముందు తలుపు తెరిచేశారు. మనుషుల కోసం కట్టిన ఇరుకు గది అది. గౌరి అలవాటు ప్రకారం నింపాదిగా ముందు కాళ్లు లోపల పెట్టింది, మెడ పెట్టింది, పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. జీవిత ఒక్క ఉరుకున దాని పొట్ట కిందనుంచి దూరి, రెండో తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆవు ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది. దాని వెనక భాగమంతా బయటే ఉండడంతో ముందు తలుపు మూసుకోక, గోడలోని యంత్రం ఎర్ర దీపం వెలిగించి కీచుమని మొరపెట్టుకుంది. తర్వాత ఇంగ్లీషులో ఒక ఆడగొంతు, దయచేసి తలుపు మూయండని బతిమాలడం మొదలుపెట్టింది.

"నెట్టండప్పా!" అన్నాడు సారు. నలుగురు అటెండర్లు నెట్టారు. మొత్తానికి గౌరి తొడల దాకా లోపలికి వచ్చి, ఆ గొడవకు భయపడి గడప మీదే పేడ వేసింది.

ఆ గదిలో దుమ్ము కణం పడకూడదని జీవిత రోజుకు రెండుసార్లు మందునీళ్లతో తుడుస్తుంది. నాగేంద్ర సారు రెండు చేతులూ జోడించాడు. "శుభం! ఇంగ ఏ విఘ్నమూ లేదు. జీవితా, తోక లోపలికి వస్తానే ముందు తలుపు మూస్తాం. నువ్వు వేలు పెట్టు."

"పెట్టను సార్."

"ముహూర్తం పోతాంది!"

"పెట్టను."

"నీకు నమ్మకం లేకుంటే పోనీలేమ్మా. మాకు అడ్డం పడొద్దు," అన్నాడాయన. గొంతు మారింది. "నీ కాయితం నా బల్లమీద ఉండాదని మర్చిపోయినావా?"

జీవిత మర్చిపోలేదు. వాళ్ల నాన్న దేవదానం రెండు పూటలా వేసుకునే మందులు కొనేది ఆ జీతంతోనే. కానీ వీపు తలుపును వదల్లేదు. "నమ్మకం సంగతి కాదు సార్. లోపలున్న క్రిమి మనుషుల కన్నా ముందు పట్టేది ఆవునే. గడ్డి తినే జంతువంటే దానికి ఇష్టం. ఈ గౌరి లోపలికి వచ్చిందంటే మళ్లీ బయటికి పంపే దారి నా దగ్గర లేదు. లోపలికొచ్చిన ప్రాణి స్నానం చేసి బట్టలు మార్చుకుని బయటికి రావాల. ఆవుకు ఎట్ల చేయిస్తారో మీరే చెప్పండి."

స్నానం సంగతి సారు ఆలోచిస్తుండగానే, ఆవు పొట్ట మీదుగా నారాయణ గొంతు వినిపించింది. "ఏమంటివి పాపా? నా ఆవుకా?"

"దొమ్మ రోగం మామా."

తాడు పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. నారాయణ చిన్నప్పుడు వాళ్ల నాయన పశువులు మొత్తం ఒక్క వారంలో దొమ్మకు పోయాయట. ఆయనకు ముహూర్తమూ పట్టలేదు, సారూ పట్టలేదు. "నెట్టేవాళ్లు చేతులు తియ్యండ్రా! నా కొడకల్లారా, తియ్యండి!" అని కేక వేశాడు. ఆవులు వెనక్కి నడవవని అందరికీ తెలుసు. నారాయణకు ఇంకొంచెం ఎక్కువ తెలుసు. దూడను పట్టుకుపోయి గౌరి తోక వెనకాల పది అడుగుల దూరంలో కట్టేసి దాని చెవి మెలేశాడు. దూడ "అంబా" అని ఏడ్చింది. గౌరి చెవులు రిక్కించి, ఒక్కొక్క అడుగే, తన పేడను తానే తొక్కుకుంటూ వెనక్కి నడిచి బయటపడింది. తలుపు మూసుకుంది. ఆడగొంతు ఊరుకుంది.

"ప్రవేశం కాలేదు కదప్పా!" అని సారు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఎందుకు కాలే? ముందు కాళ్లు రెండూ పడె. పేడ పడె. ఇంగేం కావాల మీకు?" అని నారాయణ తన ఆవునూ దూడనూ తోలుకుని, కూలి కూడా అడక్కుండా రోడ్డెక్కాడు.

పదకొండున్నరకు చైర్మనన్న వచ్చాడు. లోపల ఏదో ఉందన్న మాట అప్పటికే గేటు దాటి ఆయన కారు డ్రైవరు దాకా పోయింది. అన్న కారు దిగి, భవనం వంక చూసి, గేటు దగ్గరే ఆగిపోయాడు. కత్తిరించాల్సిన రిబ్బను భవనం ముందు కట్టి ఉంటే, దాన్ని విప్పుకొచ్చి గేటు బయట ఆయన ముందర ఇద్దరు పట్టుకున్నారు. కత్తిరించాడు. మైకు కూడా రోడ్డు మీదికే లాక్కొచ్చారు. ఈ జిల్లాలో ఇంక ఏ క్రిమికీ చోటు లేదని ముప్పావుగంట మాట్లాడాడు. రిజిస్టరును కారు బానెట్ మీద పెడితే మొదటి గీత గీసి, భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.

కారు దుమ్ము తగ్గకముందే జీవిత రిపోర్టు తెచ్చి ఆ గేటు దగ్గరే సారు ముందు పెట్టింది. క్రిమి ఇప్పుడు చట్టబద్ధంగా వచ్చేసింది కాబట్టి ఆయనకూ అభ్యంతరం లేదు. పన్నెండున్నరకు నంబరు ఒకటి వేసి సంతకం పెట్టాడు. పొడిగింపు కాగితం సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు. పోతే పోయింది అనుకుంది. ఆవుకూ సారుకూ చైర్మనుకూ ఎదురు నిలిచి ఆ కాగితం సాధించింది తను. జీవితంలో ఇంత గర్వం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

గురవమ్మ గేటు పక్కన గోడ నీడలో తొమ్మిదింటి నుంచి కూర్చుని ఉంది. ఒళ్లో స్టీలు క్యారియరు. జీవిత పరుగున పోయి కాగితం చేతిలో పెట్టింది. "తేలింది అవ్వా. దొమ్మ. ఇంగ ఒక్కదాన్ని కూడా కొయ్యొద్దు. తినొద్దు. ఇప్పుడే డాక్టర్లను పంపిస్తాండాం. నువ్వు నాతో ఆస్పత్రికి రా, ఆ పుండుకు మందు ఉండాది."

గురవమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. క్యారియరును ఒళ్లోంచి తీసి, మెల్లగా నేలమీద తనకు దూరంగా పెట్టింది.

"రాత్రి ఇంకో రెండు గొర్రెలు పడె పాపా. నీకు ఫోను చేసినాక. కోసి పద్దెనిమిదిళ్లకు పంచితిమి. నా మనవరాలు కూడా తినింది. నువ్వు మా కోసం అంత కష్టపడతాండావని నీ వంతు కూర కూడా తెచ్చినా." ఆమె క్యారియరు వైపు చూపించింది. తర్వాత నిజంగానే అర్థం కాక అడిగింది. "నీకు నిన్న తెలీదా?"

"తెలుసవ్వా. సంతకం కాలేదు."

"సంతకం మేం చదువుతామా పాపా? నువ్వు ఫోనులో తినొద్దంటే మానేసేవాళ్లం."

ప్రారంభం కాని ల్యాబులో క్రిమి ఉండదని సారు అంటే నవ్వుకుంది, కోపం తెచ్చుకుంది. నంబరు లేని మాట మాటే కాదని నిన్న రాత్రి తనూ నమ్మింది. ఏడుపు వచ్చింది. ఏడవడానికి ఇది సమయం కాదని తెలిసి, కళ్లు తుడుచుకోకుండానే గురవమ్మ ఫోను తీసుకుని కాలనీలో ఒక్కొక్క ఇంటి పేరూ చెప్పమంది. మొదటి ఇల్లు మనవరాలిది. అవతల ఎవరో ఎత్తగానే, తను ఎవరో కూడా చెప్పకుండా, తినొద్దండి, తినొద్దండి అని అరవడం మొదలుపెట్టింది.