సరిచేయని సగం చేను

నేను ఒక ట్రాక్టరు నాగలిని. నాకు రెండు కర్రులు. నంద్యాల శివారులోని ఒక రేకుల షెడ్డులో గఫూర్ సాయిబు నన్ను తయారు చేశాడు. దూలం తిన్నగా ఉందో లేదో ఒక కన్ను మూసి మూడుసార్లు చూసుకున్నాకే వెల్డింగు పెట్టాడు. అంత శ్రద్ధగా పుట్టి, పోయి పోయి మద్దిలేటి చేతిలో పడ్డాను.

మద్దిలేటి బాడుగకు దున్నుతాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. దున్నేటప్పుడు ట్రాక్టరు కుడి చక్రం చాలులోకి దిగుతుంది. ఆ మేరకు నన్ను కుడివైపు పైకెత్తి సరిచేయాలి. అందుకొక పిడి ఉంది. నాలుగేళ్లలో అది తుప్పు పట్టిందే గాని తిరగలేదు. నా ముందు కర్రు లోతుగా దిగబడేది, వెనకది పైపైన గీసేది. చేలన్నీ ఎగుడుదిగుడు. రైతులు అడిగితే, "ఈ నాగలే అట్లాంటిదప్పా" అనేవాడు. నోరు లేనిదాని మీద నింద వేయడం మనుషులకు ఎంత సులువో!

ఆ ఏడు వాన ఆలస్యమైంది. హుసేనమ్మ మూడెకరాల కౌలు చేనిలో పదును, అంటే దున్ని విత్తడానికి కావలసిన తడి, రెండు రోజులకు మించి నిలవదు. ఆమె మొగుడు నడుము విరిగి మంచాన ఉన్నాడు. నిరుడు పల్లాల్లో మొలకలు కుళ్లాయి, మిట్టల మీదివి ఎండాయి. ఈసారీ పోతే చేను వేరేవాళ్లకిస్తానని ఆసామి చెప్పేశాడు.

ఆమె వచ్చేసరికి మద్దిలేటి సగం చేను దున్నేశాడు. చాళ్లలో కర్ర గుచ్చి చూసింది. ఒకటి జానెడు, పక్కది బెత్తెడు. పరుగెత్తి ట్రాక్టరుకు అడ్డం నిలబడింది.

"ఆపప్పా! నిరుడు ఇట్లనే నా చేను చచ్చిపాయ!"

"పదును పోతాది, పక్కకు జరుగమ్మా."

"సరిజేసేదాకా లేయను." చాలులో కూలబడింది. "మా ఆయన ట్రాక్టరు తోలినోడే. ఎడమ చక్రం కింద చాలు లోతంత మొద్దు పెట్టి, నాగలి మట్టంగా వచ్చేదాకా పిడి తిప్పు."

విసుక్కుంటూనే తిప్పాడు. నా రెండు కర్రులూ మొదటిసారి ఒకే లోతున నడిచాయి. మిగిలిన సగం పరుపు పరిచినట్టు తెగింది. నాకు ఏడుపొచ్చేది, ఇనుముకు కన్నీళ్లుంటే.

పని ముగియగానే ఆమె నా దూలాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"మద్దిలేటన్నా, ముందు దున్నిన ఆ సగం గూడ."

"నలుగురు కాసుకోనుండారు. రేపొస్తాలే."

చేతులు విడిపించి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆమె ఆ పదునులోనే చేనంతా విత్తింది. మూడో రోజు నుంచి కుండపోత. బాగున్న సగంలో మొలక నిలిచింది. సరిచేయని సగంలో చాలు చాలుకూ మడుగే. హుసేనమ్మ బొచ్చెతో వారం రోజులు నీళ్లు తోడిందట. సగం పంటను ఆసామి పంటగా లెక్కపెట్టలేదు.

మరుసటేడు రాతికి తగిలి నా దూలం వంగింది. మద్దిలేటి నన్ను పాత ఇనుము కొట్లో పడేశాడు.

ఒకనాటి మధ్యాహ్నం హుసేనమ్మ గోనెసంచితో అక్కడికి వచ్చింది. నా మీదే కూర్చుంది. గుర్తుపట్టలేదు. ఎంత చిక్కిపోయిందంటే, బరువే తెలియలేదు. రెండు కొడవళ్లు, ఒక పార తీసి నా పక్కన పెట్టింది.

"సేద్యం మానుకుంటివా, అమ్మా?" అని కొట్టు యజమాని అడిగాడు.

"చేను ల్యాదు" అంది.

ఆమె వెళ్లిపోయింది. పార నా పక్కనే ఉంది. దాని కర్ర ఒకచోట నున్నగా, గుంటగా అరిగిపోయి ఉంది, సరిగ్గా ఒక చెయ్యి పట్టేంత.