ఆమేన్ అనని రెబ్కా

రెబ్కా పాట అందుకుంటే వెనక నుంచి సంఘమంతా పాడేది. ఆమె చిన్నప్పటి రేకుల చర్చి సంఘం. వాళ్లలో సగం మంది ఎప్పుడో సమాధుల దొడ్డికి చేరినా, పర్చూరు చుట్టుపక్కల ఏ చేలో పాడినా గొంతులు మాత్రం ఠంచనుగా వచ్చేవి. ఆ పాట మీద వరసకట్టిన కూలీల మునుం చకచకా సాగేది. రైతు బుల్లయ్యకీ అది ఇష్టమే. "ఆ ముసలాయన బొంగురు గొంతు ఇయ్యాళ రాలేదేమే?" అని వాకబు చేసేవాడు.

ఎనభై ఏడులో పత్తికి పురుగు పట్టింది. బుల్లయ్య సాయంత్రం మందు కొట్టించి, మబ్బేసిందని తెల్లారేసరికి కూలీలని పత్తి తీయమన్నాడు. ఆకుల మీద మందు తడి ఇంకా ఆరలేదు. కూలీల్లో అంకమ్మకి అప్పుడు ఐదో నెల. నిరుడు ఇలాగే మందు చేలో దిగి కడుపు పోగొట్టుకుంది. ఆ సంగతి బుల్లయ్యకి తెలుసు. తెలిసే పిలిచాడు, మహానుభావుడు!

"మూడు రోజులు ఆగాలండీ," అంది రెబ్కా.

"వానకి తడిస్తే ఆ పత్తి నువ్వు కొంటావా? దిగకపోతే పొండి. ట్రాక్టరు నిండా పొరుగూరోళ్లు వస్తన్నారు."

అంకమ్మ కొంగు నడుముకి చుట్టుకుంది. "నేను దిగుతానక్కా. లేపోతే రేపట్నించి పిలవరు."

"నోర్మూసుకుని గట్టు మీదే నుంచో," అంది రెబ్కా.

గౌస్ బాషా ట్రాక్టరు వచ్చి ఆగింది. పొరుగూరి ఆడవాళ్లు దిగుతుండగా రెబ్కా, రోజూ పనిలో పాడేది కాదు, చర్చిలో నిలబడి పాడే ఆరాధన పాట ఎత్తుకుంది. ఆ పాట మొదలయ్యాక ఆమేన్ అనేదాకా ఎవరూ కదలకూడదు. సండేస్కూల్లో ఎలీసమ్మ పంతులమ్మ బెత్తంతో నేర్పిన పద్ధతి అది. పొరుగూరి ఆడవాళ్లూ అలాంటి సండేస్కూళ్లలో పెరిగినవాళ్లే. తల మీద ముసుగేసుకుని ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. సంఘం గొంతు కలిపింది. పంతులమ్మ పోయి పదేళ్లయినా ఆమె గొంతే అందరికంటే పైన ఉంది. బాషా ఇంజను ఆపి బీడీ ముట్టించాడు.

చరణాలన్నీ అయిపోయాయి. రెబ్కా ఆమేన్ అనలేదు. మళ్లీ మొదటి చరణం అందుకుంది.

"ఇంక ఆపవే!" అని అరిచాడు బుల్లయ్య.

రెబ్కా పాడుతూనే తల అడ్డంగా ఊపింది. ఆమె గొంతు ఎండిపోయినప్పుడల్లా పోయినవాళ్లు పాటని ముందుకి లాక్కుపోయారు. మధ్యాహ్నం అన్నం వేళ దాటింది. ఒక్క కాలు కూడా చేలో పడలేదు.

చివరికి బుల్లయ్య గట్టు మీద చతికిలబడ్డాడు. "మూడో రోజునే దిగండి. ఆమేన్ అను తల్లీ, నీకు పుణ్యముంటది!"

అప్పుడు అంది.

మర్నాడు పడ్డ చినుకులకి కొంత పత్తి రంగు మారింది. బుల్లయ్య ఇక రెబ్కాని పనికి పిలవలేదు. పిలవకపోతే మానె, ఊళ్లో చేలు ఆయనొక్కడికేనా!

అంకమ్మకి నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. మరుసటి ఏడు పిల్లని చంకనేసుకుని ఇంకో రైతు చేనికి వెళ్లింది. రెబ్కా ఇంకా దూరంగా నడిచొస్తోంది. అంకమ్మ ఆమె కోసం చూడలేదు. గట్టు మీదే ఆగి, రైతు మొహంలోకి చూస్తూ, "మందు ఎప్పుడు కొట్టారండీ?" అని అడిగింది.